తాబేళ్ల కాలం మొదలయ్యేలోగా: విశాఖ రావాలనుకునేవాళ్లకు జాగ్రత్తలు

సంక్రాంతికి విశాఖ వచ్చే చుట్టాలు కైలాసగిరి, జూ చూడటం అయ్యాక "తాబేళ్లు గుడ్లు పెట్టేది చూడొచ్చా?" అని అడుగుతున్నారు. అడగడం సంతోషమే. కానీ వాటి రాకపోకలు తెలుసుకుని మనమే ప్రయాణం సర్దుకోవాలి. లేకపోతే ఏమీ కనిపించక తిరిగి వెళ్తాం, కనిపిస్తే మనమే బెదరగొట్టి పంపేస్తాం.

అక్టోబర్, నవంబర్ నెలల్లో టికెట్లు తీసుకునేవాళ్లు తుపానుల సంగతి మరిచిపోకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరిని ఏం చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త విన్నారంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. పోర్టులో హెచ్చరిక నంబర్ ఎగరేసేదాకా చూడొద్దు.

పక్షుల కోసమైతే అనకాపల్లి వైపున్న మంచినీటి సరస్సు కొండకర్ల ఆవకు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, తెల్లవారుజామున వెళ్లండి. అక్కడ తాటిదోనెల మీద తిప్పుతారు. దోనె సన్నగా ఉంటుంది, ఒక పక్కకు వాలితే చాలు తిరగబడుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, ఫోటో కోసం లేచి నిలబడొద్దు, పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టండి. గాలి ఎక్కువగా ఉందని దోనె నడిపే ఆయన వద్దంటే బతిమాలొద్దు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు చలికాలం ముందే చేరతాయి. తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరి వానలతో వస్తాయి. ఆ గూళ్లు ఊళ్లోని చెట్ల మీదే ఉంటాయి కాబట్టి హారన్, డ్రోన్, టపాకాయ మూడూ వద్దు. విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో చిరుతలున్నాయి. అటవీశాఖ అనుమతించిన దారి దాటొద్దు, చీకటి పడేలోగా బయటికి వచ్చేయండి.

ఇక తాబేళ్లు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, భీమిలి వరకూ వీటి జాడ ఉంటుంది. తల్లి తాబేలు రాత్రిపూట కెరటాల్లోంచి పైకి వచ్చి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంత తవ్వి, వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. గుంత తవ్వే లోపు టార్చి వేసినా, మాటలు వినిపించినా వెనక్కి తిరిగి సముద్రంలోకి పోతుంది. అందుకే ఒంటరిగానో, గుంపుగానో సొంతంగా రాత్రి బీచ్‌లో వెతుక్కోవడం నేను ఎవరికీ చెప్పను. అటవీశాఖ సిబ్బందితో, వాళ్ల దగ్గర పనిచేసే మత్స్యకారులతో ముందుగా మాట్లాడి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. వాళ్ల వెనకే నడవండి, ఫోన్ జేబులో ఉంచండి. వెలుగు తప్పదంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి.

తెల్లారి ఇసుకలో రెండు పక్కలా రెక్కల్లాంటి కాళ్ల గుర్తులు, మధ్యలో పొట్ట ఈడ్చిన చార కనిపిస్తే, అది నీళ్ల నుంచి పైకి వచ్చి మళ్లీ దిగిన తాబేలు దారి. దాన్ని తొక్కకండి, గుంతను కెలకకండి. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. అందుకే ఆ పని అటవీశాఖ సిబ్బందికే వదిలేయండి, వాళ్లు జాగ్రత్తగా తీసి హేచరీల్లో, అంటే గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోట్లలో, పాతిపెడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద గుడ్లను, గూటిని కదిలించడం కూడా నేరమే.

గుడ్లు పిల్లలు కావడానికి దాదాపు 45 నుంచి 60 రోజులు పడుతుంది. కాబట్టి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేది చూడాలంటే ఫిబ్రవరి చివర నుంచి మే మధ్య రోజులు ఎంచుకోండి. నా మటుకు సెలవు ఒకటే దొరికితే దీనికే ఖర్చు పెట్టమంటాను. అక్కడికి వెళ్లినప్పుడు పిల్లను చేత్తో తీసి నీళ్లలో పడేయకండి. ఇసుకలో తనంతట తానే నడిచి పోవాలి. మన కాలి గుంతలో పడితే లేవలేక అల్లాడుతుంది, కాబట్టి నీళ్ల వైపు దారిలో నిలబడొద్దు. పుట్టగానే అవి వెలుగున్న వైపు పోతాయి. రోడ్డు దీపాలు, కారు లైట్లు, ఫోన్ ఫ్లాష్ వాటిని వెనక్కి లాగుతాయి. చిప్స్ ప్యాకెట్లు ఇసుకలో వదిలితే కుక్కలు చేరతాయి, ఆ కుక్కలే గూళ్లు తవ్వుతాయి.

ఒడ్డున చచ్చిన తాబేలు కనిపించినా ముట్టుకోకుండా చోటు గుర్తుపెట్టుకుని అటవీశాఖకు చెప్పండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. కెరటాలు కోసేసిన ఇసుక అంచు మీద నిలబడొద్దు. రాత్రి నీళ్లలోకి దిగడం అసలు వద్దు. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి.