ఎండలు ముదరకముందే: ఇంజన్ మార్చిన కారులో రేడియేటర్ ఫ్యాన్ జాగ్రత్తలు

ఫ్యాన్‌ను తిప్పే వేడి సెన్సర్ మొన కూలెంట్‌లో (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లలో) మునిగి ఉందా చూడండి. గాలి బుడగలో ఉంటే ఇంజన్ మరిగిపోతున్నా ఫ్యాన్ తిరగదు, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోతుంది. ఇంజన్ మార్చాక రేడియేటర్ మూత హెడ్ కంటే కిందికి వచ్చిందంటే గాలి చిక్కే ప్రమాదం ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు కారు ముందుభాగం ఎత్తిపెట్టి, హీటర్ పూర్తిగా తెరిచి గాలి తీసేయండి.

ఫ్యాన్ ఆగే వేడి థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకునే వేడికంటే పైనే ఉండాలి. 82 డిగ్రీల థర్మోస్టాట్ అయితే, సెన్సర్ ఇంజన్ నుంచి నీళ్లు బయటికొచ్చే చోట ఉన్నప్పుడు 95కి ఆన్, 90కి ఆఫ్ పెట్టండి. ఆఫ్ 80కి పెడితే ఫ్యాన్ ఆగనే ఆగదు, బ్యాటరీ మీద భారం.

ఫ్యాన్ మోటారు కరెంటు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) గుండా పోనివ్వకండి, దాని లోపలి స్విచ్ సర్క్యూట్ కాలిపోతుంది. 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వాడండి. దాని పిన్ నంబర్ల ప్రకారం: 30కి బ్యాటరీ ప్లస్, 87కి ఫ్యాన్, 86కి ఇగ్నిషన్, 85కి ఈసీయూ ఇచ్చే గ్రౌండ్ (మైనస్).

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరు బాడీకి తగిలితే ఆపేదేమీ లేదు. 20 ఆంపియర్ల ఫ్యాన్‌కి 30 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు.

గ్రౌండ్ వైరును బాడీకి బిగించే బోల్టు కింద పెయింటు గీకేయండి.

ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు కాగితం పట్టుకోండి. అతుక్కోవాలి. ఎగిరిపోతే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.