పీహెచ్ లెక్కలు – 5: బలమైన ఆమ్లాలు రెండు కలిస్తే

పోయిన పాఠం చివర ఓ లెక్క వదిలాను. పీహెచ్ 2 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ., పీహెచ్ 4 ఉన్న నైట్రిక్ ఆమ్లం 100 మి.లీ. కలిపితే పీహెచ్ ఎంత? ఎక్కువమంది సగటు తీసి 3 అన్నారు. కొందరైతే జవాబు కింద రెండు గీతలు కూడా కొట్టారు! అందుకని ఈసారి మొదలుపెడదామనుకున్న బలహీన ఆమ్లాలు (నీళ్లలో పూర్తిగా విడిపోనివి) పక్కకి.

పీహెచ్ ఒకటి తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదింతలవుతుంది. పీహెచ్ 4 గాఢతని ఒక రూపాయి అనుకోండి. అప్పుడు పీహెచ్ 3 పది రూపాయలు, పీహెచ్ 2 వంద. ఒకడి దగ్గర వంద, ఇంకొకడి దగ్గర రూపాయి. కలిపితే నూటొక్కటి. సమంగా పంచుకుంటే తలకి యాభై రూపాయల యాభై పైసలు. మీ 3 ప్రకారం తలకి పదే వచ్చింది. మిగతా ఎనభై ఒక్క రూపాయి ఎవరు తిన్నట్టు?

1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ కొలత పెట్టింది చిన్న గాఢతలని సులువుగా రాసుకోవడానికి. కూడాల్సినప్పుడు లాగ్ ముసుగు తీసి, హైడ్రోజన్ అయాన్లనే కూడాలి.

నేను లీటర్లలోకి మార్చను. మోలారిటీని (లీటరుకి ఎన్ని మోల్స్ అన్నదాన్ని) మి.లీ.తో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి, చాలు. పీహెచ్ 2 అంటే 0.01 మోలార్, 4 అంటే 0.0001. ఇక్కడ 0.01 × 100 = 1, 0.0001 × 100 = 0.01. మొత్తం 1.01. దాన్ని 200తో భాగిస్తే 0.00505, అంటే దాదాపు 5 × 10⁻³. లాగ్ 5 అంటే 0.70 కదా, 3 లోంచి తీసేస్తే పీహెచ్ 2.30.

ఘనపరిమాణాలు సమానమై, పీహెచ్‌ల తేడా 2 లేదా అంతకు మించితే నేనసలు లెక్కే చెయ్యను. చిన్న పీహెచ్‌కి 0.3 కలిపేస్తాను. రెండోది దాదాపు నీళ్ల కింద లెక్క, గాఢత సగమవుతుంది, లాగ్ 2 అంటే 0.3. తేడా 1 అయితే మాత్రం ఇది పనికిరాదు: 1, 2 కలిస్తే 1.26.

ఘనపరిమాణాలు వేరైనా పద్ధతి అదే. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ 200 మి.లీ., 0.2 మోలార్ నైట్రిక్ 300 మి.లీ.: 20 + 60 = 80, భాగించు 500, అంటే 0.16. పీహెచ్ 0.80. ఒకటి కన్నా తక్కువొచ్చిందని కంగారుపడి కొట్టేయకండి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తే, అణువుకి రెండు హైడ్రోజన్లు కాబట్టి, మోలారిటీని 2తో గుణించండి. ఎంట్రన్సులకి అది చాలు. నిజానికి రెండో హైడ్రోజన్ పూర్తిగా ఊడి రాదు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్, 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ చెరో 50 మి.లీ. కలిపితే గైడు లెక్కలో 1.0, రెండో విఘటన స్థిరాంకం (రెండో హైడ్రోజన్ ఎంతవరకు ఊడుతుందో చెప్పే అంకె) 0.012 వేసి చేస్తే 1.1.

అభ్యాసం ఒక్కటే. పీహెచ్ 3 ఉన్న నైట్రిక్ ఆమ్లం 900 మి.లీ. ఉంది. పీహెచ్ 2కి దించాలంటే పీహెచ్ 1 ఉన్న హైడ్రోక్లోరిక్ ఎన్ని మి.లీ. పోయాలి? క్యాలిక్యులేటర్ వద్దు. 900 అని వచ్చినవాళ్లు ఆ ఎనభై ఒక్క రూపాయి లెక్క ముందు తేల్చి రండి.