బికినీ వ్యాక్స్‌కి ముందు మత్తు క్రీమ్: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

పెళ్లిళ్ల సీజన్ వస్తే వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీ మెడికల్ షాపులో ఒక బేరం ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. వచ్చినావిడ కౌంటర్ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడుతుంది. తర్వాత ఫోన్లో, గజ్జల దగ్గర వెంట్రుకలు వ్యాక్స్‌తో తీయించుకునే ముందు రాసే మత్తు క్రీమ్ ట్యూబు ఫొటో చూపించి, గొంతు తగ్గించి, "ఇది ఉందా అండీ?" అంటుంది. కుర్రాళ్లయితే ఫొటో కూడా చూపించరు, "మత్తు స్ప్రే" అని గొణుగుతారు. కొనడానికే సిగ్గు, ఇక ఎలా వాడాలో అడిగేదెవరు?

మామూలుగా దొరికే ట్యూబుల్లో రెండు మత్తు మందులు, లిగ్నోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం ఉంటాయి. డాక్టర్ చెప్పినట్టు, గాయం లేని చర్మం మీద, కొద్ది మేర రాస్తే భయపడాల్సిన మందేమీ కాదు. ఎంత మందంగా రాశారు, ఎంత మేర రాశారు, ఎంతసేపు ఉంచారు, పైన ఏం చుట్టారు అన్నదాన్నిబట్టే కష్టాలు మొదలవుతాయి. అందుకే ప్రాణం మీదికొచ్చే వాటితోనే మొదలుపెడతాను.

నాలుక, పెదాల చుట్టూ మొద్దుబారింది. చెవుల్లో గుయ్యిమంటోంది, కళ్లు తిరుగుతున్నాయి

రాసింది కింద, మొద్దుబారింది నోరు. అంటే లిగ్నోకైన్ రక్తంలోకి వెళ్లిందన్నమాట. నోట్లో ఇనుము రుచి, కండరాలు అదరడం కూడా దీని గుర్తులే. ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. రేజర్‌తో గీసిన చర్మం మీద క్రీమ్ పూసి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, వేడి తగిలించేవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. అమెరికాలో 22, 25 ఏళ్ల ఇద్దరు అమ్మాయిలు లేజర్ హెయిర్ రిమూవల్ కోసం కాళ్లకి మందు శాతం ఎక్కువున్న మత్తు క్రీమ్ రాసుకుని, ప్లాస్టిక్ చుట్టుకుని, ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా కొనే వాటిలో లిగ్నోకైన్ 4 శాతం దాటితే చర్మానికి వాడొద్దని 2024లో మళ్లీ చెప్పింది. ఆన్‌లైన్‌లో వచ్చే, శాతం ముద్రించని ట్యూబు ఎంత చవకైనా నేను ముట్టుకోను. కుర్రాళ్లు అడిగే 10 శాతం స్ప్రే ఒక్కో నొక్కుకి 10 మిల్లీగ్రాముల మందు వదులుతుంది. ఎన్నిసార్లు నొక్కారో లెక్క ఉండదు, అదే గొడవ.

ఏం చేయాలి: కవర్ తీసేయండి, క్రీమ్ తుడిచి సబ్బుతో కడగండి, పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బండి మీద వెళ్లొద్దు. కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లినా, దగ్గర్లో ఏ ఎమర్జెన్సీకి వెళ్లినా ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఎక్కడ రాశారో డాక్టర్‌కి దాచొద్దు.

పెదాలు, గోళ్లు నీలంగా మారాయి, ఆయాసం

ఇది ప్రిలోకైన్ పని. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. కోవిడ్ నాటి ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే రీడింగ్ 85 దగ్గర ఆగిపోవచ్చు, ఆక్సిజన్ పెట్టినా పెద్దగా కదలదు. జి6పీడీ లోపం (పుట్టుకతో ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకి, కుష్ఠుకి ఇచ్చే డాప్సోన్, సల్ఫా రకం యాంటీబయోటిక్ మాత్రలు వాడేవాళ్లకి రిస్క్ ఎక్కువ. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న, మలేరియాకి ప్రైమాక్విన్ వాడుతున్నారా అని. అదీ ఇదే పని చేస్తుంది. దీనికి విరుగుడు మిథిలీన్ బ్లూ, కానీ జి6పీడీ లోపం ఉంటే ఆ విరుగుడే చేటు. కాబట్టి ఆ సంగతి ఆసుపత్రిలో ముందే చెప్పాలి. ఇక్కడ కూడా 108 పిలవాల్సిందే.

రాసినచోట తెల్లగా పాలిపోయింది

కంగారొద్దు. రక్తనాళాలు ముడుచుకుంటాయి, కాసేపటికి ఎర్రబడి సర్దుకుంటుంది. దద్దుర్లు, వాపు వస్తే మాత్రం కడిగేసి మళ్లీ వాడకండి.

వ్యాక్స్ లాగితే తోలు లేచింది, లేదా కాలింది, అప్పుడు తెలియలేదు

పార్లర్ల నుంచి నేరుగా నా దగ్గరికొచ్చే కేసులు ఎక్కువగా ఇవే. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. "అమ్మా, వేడి" అని మీరు అనకపోతే పార్లర్ అమ్మాయి ఆపదు. క్రీమ్ రాసిన రోజు వ్యాక్స్‌ని మత్తు లేని చోట, మణికట్టు లోపలివైపు, ముందు వేసి చూడమని అడగండి.

ఇంకో కారణం ఎవరూ చెప్పరు. మన ఉక్కపోతకి గజ్జల్లో తామర వస్తుంది, షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన దురద క్రీమ్ నెలల తరబడి పూస్తారు. దాంతో చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. అలాంటి చోట మత్తు మందు ఎక్కువ ఇంకుతుంది, వ్యాక్స్ లాగితే పైపొర ఊడొస్తుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లదీ ఇదే కథ. వీళ్లు వ్యాక్స్ మానేసి ట్రిమ్మర్ వాడటం మేలు.

కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పోయండి. ఐసు, పసుపు, టూత్‌పేస్ట్ వద్దు. బొబ్బ చిదమొద్దు. మర్మాంగాల దగ్గర బొబ్బ లేస్తే చిన్నదైనా డాక్టర్‌కి చూపించాలి.

గంట ఉంచినా నొప్పి తగ్గలేదు

మందు గంటలో దాదాపు 3 మిల్లీమీటర్ల లోతుకే వెళ్తుంది. వెంట్రుక కుదురు అంతకంటే లోతున ఉండొచ్చు. నొప్పి సగానికి తగ్గితే అదే దాని పని, ఇంకో ట్యూబు పిండితే లాభం లేదు. మర్మాంగాల లోపలి తడి పొర మీద మాత్రం 5, 10 నిమిషాల్లోనే ఇంకిపోతుంది, అందుకే ఇంట్లో అటువైపు రాయనే రాయకండి.

వ్యాక్స్ పట్టట్లేదు

క్రీమ్ జిడ్డు, పైన వైజాగ్ చెమట. టిష్యూతో తుడిచి, తడిగుడ్డతో కడిగి, బాగా ఆరాక కొంచెం టాల్కమ్ అద్దండి. తుడిచిన టిష్యూలు పిల్లలకి అందేలా పడేయొద్దు.

మత్తు దిగాక మంట

ఒకటి రెండు రోజులు ఎరుపు సహజం. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకోండి, చల్లటి తడిగుడ్డ పెట్టండి. మంటకి మళ్లీ అదే మత్తు క్రీమ్ రాస్తామంటారు చాలామంది. అప్పుడే వెంట్రుకలు లాగిన చర్మం, మందు నేరుగా లోపలికి పోతుంది. చీము గడ్డలో, జ్వరమో వస్తే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నా కౌంటర్ దగ్గరికి కాదు.