బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చే ముందు చూసుకోవాల్సినవి

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. వాలు మీద, మెత్తటి మట్టి మీద అసలు మొదలుపెట్టొద్దు. ముందు చక్రాలు లేపుతుంటే హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టండి. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోండి, గాల్లోకి లేపాక చక్రం నట్టుతో పాటు తిరిగిపోతుంది.

ఒట్టి జాక్ మీద బండిని ఉంచి పని చేయొద్దు. హైడ్రాలిక్ జాక్‌లో సీల్ పోతే బండి ఎప్పుడు కిందికి దిగుతుందో తెలియదు కాబట్టి, మాన్యువల్‌లో చూపించిన చోట జాక్ స్టాండ్ (బండి బరువు మోస్తూ కదలకుండా నిలిచే స్టాండ్) పెట్టి, బండిని చేత్తో ఓసారి ఊపి చూశాకే చక్రం ఊడదీయండి. స్టాండ్లు లేవా? అయితే ఇవాళ్టికి ఆ పని మానేయండి, సీరియస్‌గా చెప్తున్నా.

వెనక ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో (ప్యాడ్లు మార్చడానికి ఆ బ్రేక్‌ను వదులు చేసే సెట్టింగ్) పెట్టాలి, అలా పెట్టకుండా పిస్టన్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) వెనక్కి నొక్కితే ఆ బ్రేక్ మోటార్ పోవచ్చు.

బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే డబ్బా (రిజర్వాయర్) మూత తీసి ఫ్లూయిడ్ ఎంత ఉందో చూడండి, పిస్టన్ వెనక్కి నొక్కినప్పుడు అది పైకొస్తుంది, పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. తగ్గితే పోయడానికి మూత మీద రాసిన రకమే తెచ్చుకోండి. డాట్ 5 అనే ఫ్లూయిడ్ సిలికాన్ రకం, దాన్ని డాట్ 3, డాట్ 4లతో కలపకూడదు.

కాలిపర్‌ని (ప్యాడ్లు, పిస్టన్ ఉండే భాగం) ఫ్లూయిడ్ వచ్చే గొట్టానికి (హోస్) వేలాడదీయకుండా కట్టడానికి ఒక తీగ ముక్క, మాస్క్, బ్రేక్ క్లీనర్ దగ్గర పెట్టుకోండి. దుమ్మును గాలితో ఊదొద్దు, పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ప్యాడ్లు రెండు వైపులకీ ఒకేసారి మార్చాలి, ఒక వైపుకే కొనకండి.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా మెల్లగా నొక్కుతూ ఉండండి, మొదటిసారి నొక్కితే బ్రేక్ పడదు.