తుఫాన్లు మొదలయ్యేలోపు కారు బ్యాటరీ ఒకసారి చూసుకోండి

అక్టోబరు అంటే వైజాగ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 2014లో హుద్‌హుద్ మన మీద పడింది ఆ నెల 12నే. కరెంటు లేక, రోడ్లకి అడ్డంగా చెట్లు పడి ఉన్న రోజున కారు మొరాయిస్తే మెకానిక్ కూడా రాలేడు. అందుకే ఇప్పుడే ఓ అరగంట పెట్టండి.

పోయినేడు పెదవాల్తేరులో మా కారు తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి. షాపతను చూడకుండానే బ్యాటరీ మార్చాలన్నాడు. బానెట్ ఎత్తితే నెగటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి గడ్డకట్టి ఉంది, సముద్రపు గాలి పుణ్యమా అని. హారన్‌కి కొద్దిపాటి కరెంటు చాలు గానీ, సెల్ఫ్ మోటారు ఆ ఒకట్రెండు సెకన్లలో వంద, రెండొందల ఆంపియర్లు లాగుతుంది, ఆ పొడి అంత కరెంటుని వెళ్లనివ్వదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, బిగించి, పైన వాజలైన్ రాశాను. స్టార్టయింది! విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు అది ఆఖర్న, లేదంటే పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా తుప్పు పట్టిందేమో చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తర్వాత మల్టీమీటర్, అంటే వోల్టులు చూపించే చిన్న మీటరు, బ్యాటరీ టెర్మినళ్లకి పెట్టి చూడండి. రాత్రంతా ఆపిన కారులో పొద్దున్నే 12.6 వోల్టులుంటే ఫుల్లు, 12.2 కన్నా తక్కువైతే సగానికి దిగిపోయినట్టే. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడండి. అప్పటికీ 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటరో (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది), దాని బెల్టో, వైరింగో తేడా కొట్టింది, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో పడుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత మెకానిక్కులున్నారు, చెయ్యనివ్వకండి, ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, కాలిపోవచ్చు.

వరద నీళ్లు ఇంజిన్ దాకా ఎక్కిన బండికి మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది, ఇక బిల్లు బ్యాటరీతో ఆగదు. ఇగ్నిషన్ ఆపేసి, నీళ్లు తీశాక నెగటివ్ వైరు తప్పించి, వర్క్‌షాపుకి తోయించండి.

వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుళ్లు డిక్కీలో పడెయ్యండి, లావువే కొనండి, సన్నవి సెల్ఫ్‌కి చాలక వేడెక్కిపోతాయి. తగిలించేటప్పుడు ఆఖరున పెట్టే నల్ల క్లిప్పు చచ్చిన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజిన్ ఇనుముకి పెట్టాలి.