జర్మనీలో స్టూడెంట్ వీసా గడువు ముగుస్తోంది, రెసిడెన్స్ పర్మిట్ రాలేదు: తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేసుకోవాలి

"అన్నా, వీసా 20 రోజుల్లో అయిపోతోంది. ఫారినర్స్ ఆఫీసు (రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చే ఆఫీసు) నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఈ మెసేజ్ నాకు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తుంది. నేను తిరిగి అడిగేదీ ప్రతిసారీ ఒకటే: మీ పోస్టు డబ్బా మీద మీ పేరుందా? చాలామంది దగ్గర జవాబుండదు. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను. మీరు జర్మనీ వచ్చి అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో అడ్రసు రిజిస్ట్రేషన్, చేసుకున్నారు, యూనివర్సిటీలో చేరారు, ఇన్సూరెన్స్, బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే వేసి నెలనెలా తీసుకునే ఖాతా) నడుస్తున్నాయి అనుకుని రాస్తున్నాను.

లక్షణం: అప్లై చేసి వారాలైంది, జవాబు లేదు

కిందికి దిగి డబ్బా చూడండి. ఇక్కడ చాలా భవనాల్లో ఫ్లాట్ నంబర్లే ఉండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద రాసిన ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది, వెళ్లినట్టు మీకు ఎవరూ చెప్పరు. షేర్డ్ ఫ్లాట్‌లో గది తీసుకున్నవాళ్లు, ఇంకొకరి గదిలో 3 నెలలకు దిగినవాళ్లు ఎక్కువగా ఇలాగే నష్టపోతారు. ఫలానా కాగితం తక్కువైంది, ఫలానా రోజు రండి అని ఆఫీసు రాసిన ఉత్తరం తిరిగి ఆఫీసుకే చేరుతుంది. మీరు మాత్రం వాళ్లు పట్టించుకోవడం లేదనుకుంటూ ఉంటారు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాసి డబ్బాకూ, కాలింగ్ బెల్‌కూ అంటించండి. ఓనర్ నేమ్‌ప్లేట్ పెట్టించేదాకా ఆగకండి, ఇవాళ్టికి టేపు మీద పెన్నుతో రాసినా సరిపోతుంది. తర్వాత మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ చూడండి.

ఆ రెండూ బాగానే ఉంటే, ఈ మధ్య ఊరు మారారా అన్నది చూడాలి. పర్మిట్ ఇచ్చేది మీరు ఇప్పుడు రిజిస్టర్ అయిన ఊరి ఆఫీసు. పాత ఊళ్లో అప్లై చేసి కొత్త ఊరికి మారితే ఫైలు కూడా అక్కడికి వెళ్లాలి, అది తనంతట తాను కదులుతుందని నమ్మకండి. ఇల్లు మారిన 2 వారాల్లో అన్‌మెల్డుంగ్ చేసుకుని, పాత ఆఫీసు ఇచ్చిన ఫైలు నంబరు రాసి, దాన్ని తెప్పించుకోమని కొత్త ఆఫీసుకు మెయిల్ పెట్టండి. అన్నట్టు, ఈ ఫారినర్స్ ఆఫీసును అన్ని ఊళ్లలోనూ ఔస్‌లెండర్‌బెహోర్డ అనే అనరు. బెర్లిన్‌లో 2020 నుంచి ఎల్‌ఈఏ అంటున్నారు. వెతికేటప్పుడు మీ ఊరి పేరుతో కలిపి వెతకండి.

లక్షణం: టెర్మిన్ (అపాయింట్‌మెంట్) ఉంది, కానీ వీసా తేదీ దాటాక ఉంది

నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. దీనివల్ల నేనూ దెబ్బతిన్నాను.

నా వీసా మార్చి మధ్యలో ముగుస్తుంది. జనవరిలోనే వెబ్‌సైట్‌లో టెర్మిన్ బుక్ చేశాను, ఏప్రిల్ మొదటి వారానికి దొరికింది. కన్ఫర్మేషన్ మెయిల్ ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టుకుని నిశ్చింతగా తిరిగాను. టెర్మిన్ రోజు కౌంటర్‌లో ఉన్నావిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఆంట్రాగ్ ఎప్పుడు ఇచ్చారు?" నేను ప్రింట్ చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది టెర్మిన్. ఆంట్రాగ్ ఏది?" అన్నారు. నా దగ్గర లేదు. ఆ రోజు దాకా ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

ఒకటి కాదు. టెర్మిన్ అంటే మీరు ఆఫీసుకు వెళ్లే రోజు. ఆంట్రాగ్ అంటే నాకు పర్మిట్ కావాలని మీరు చేసే దరఖాస్తు. జర్మన్ రెసిడెన్స్ చట్టం 81వ సెక్షన్‌లో నాలుగో భాగం ఉంది, కాగితాల మీద అబ్జాట్స్ 4 అని కనిపిస్తుంది. ఉన్న వీసా గానీ పర్మిట్ గానీ ముగిసేలోపు మీరు దరఖాస్తు చేసి ఉంటే, ఆఫీసు నిర్ణయం చెప్పేదాకా పాతదే చెల్లుతున్నట్టు లెక్క. వాళ్లు ఎన్ని నెలలు తీసుకున్నా మీ ఉనికి చట్టబద్ధమే, పని చేసుకునే హక్కూ కొనసాగుతుంది. అయితే చట్టం చూసేది దరఖాస్తు చేరిన తేదీని. చాలా ఊళ్లలో బుకింగ్ వెబ్‌సైట్ ఒట్టి క్యాలెండర్. మీ పేరూ పుట్టినతేదీ అందులో ఉంటాయి గానీ మీ ఫైలులోకి ఏమీ చేరదు. వీసా ముగిసిన రోజు మీ ఫైలు తెరిస్తే అందులో దరఖాస్తు ఉండదు.

ఇది ఎవరికీ కనబడని తప్పు. స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ వస్తుంది, నంబరు వస్తుంది, మెయిల్ వస్తుంది. పని అయిపోయిందని మనసు కుదుటపడుతుంది. అందుకే మీ చేతిలో ఉన్న మెయిల్‌ను ఇప్పుడే తెరిచి చదవండి. తేదీ, సమయం, గది నంబరు మాత్రమే ఉంటే అది టెర్మిన్ మాత్రమే. ఆంట్రాగ్ అందింది అని ఉంటే, లేదా ఐన్‌గాంగ్స్‌బెస్టేటిగుంగ్ అన్న మాట కనిపిస్తే అది దరఖాస్తు అందినట్టు రసీదు, దాన్ని భద్రంగా దాచుకోండి. కొన్ని ఊళ్లలో ఆన్‌లైన్‌లోనే పూర్తి దరఖాస్తు తీసుకుని పీడీఎఫ్ రసీదు ఇస్తారు, అది చెల్లుతుంది. టెర్మిన్ బుక్ చేస్తే దరఖాస్తు చేసినట్టేనని మెయిల్‌లోనే స్పష్టంగా రాసే ఆఫీసులూ ఉన్నాయి. ఆ వాక్యం కళ్లారా చూస్తే తప్ప ఉందని అనుకోకండి.

వీసాకు ఒక్క రోజు మిగిలి ఉన్నా దీన్ని సరిచేయవచ్చు. దరఖాస్తు ఫలానా ఫారం మీదే ఉండాలని చట్టం అనదు. ఒక పేజీ ఉత్తరం చాలు. పేరు, పుట్టినతేదీ, అడ్రసు, పాస్‌పోర్టు నంబరు, ఇప్పటి వీసా ఎప్పటిదాకా ఉందో రాసి, చదువు కోసం 16బి సెక్షన్ కింద రెసిడెన్స్ పర్మిట్‌కు దీనితో దరఖాస్తు చేస్తున్నానని జర్మన్‌లో ఒక వాక్యం రాయండి. దరఖాస్తు అన్న మాట ఉత్తరంలో ఉండి తీరాలి. "నాకు టెర్మిన్ ఇప్పించండి" అని మాత్రమే రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది. సంతకం చేసి, పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, డబ్బు ఆధారం కాపీలు జతచేయండి. ఏదైనా కాగితం ఇంకా రాకపోతే తర్వాత పంపుతానని రాయండి, దానికోసం దరఖాస్తును ఆపకండి.

ఈ ఉత్తరాన్ని రెండు దారుల్లో పంపండి. ఒకటి ఆఫీసు కాంటాక్ట్ ఫారం లేదా మెయిల్. రెండోది కాగితం మీద ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్, అంటే డబ్బాలో వేసినట్టు పోస్టాఫీసు నమోదు చేసే రిజిస్టర్డ్ ఉత్తరం. మీరు పంపిన తేదీ కాదు, అది వాళ్లకు చేరిన తేదీ లెక్క. సమయం బొత్తిగా లేకపోతే ఆఫీసు డబ్బాలో మీరే వేయండి. పక్కన ఒక స్నేహితుడు సాక్షిగా ఉండాలి, ఫోటో తీసుకోవాలి.

అప్పటికే తేదీ దాటిపోయిందా? దాచకండి, ఇంకో వారం చూద్దాం అనుకోకండి. ఈరోజే దరఖాస్తు పంపండి. అదే నాలుగో భాగంలో మూడో వాక్యం ఉంది. ఆలస్యమైన దరఖాస్తుకు కూడా, అన్యాయమైన కష్టం కలగకుండా, పాత పర్మిట్ కొనసాగుతుందని ఆఫీసు ఆదేశించవచ్చు. ఆ ఆదేశం ఇవ్వమని మీరే పేరుపెట్టి అడగాలి. నేను జనవరి నాటి బుకింగ్ మెయిల్ జతచేసి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేత ఒక ఉత్తరం రాయించి అడిగాను. ఇచ్చారు. కానీ అది చేతికొచ్చేదాకా పార్ట్‌టైమ్ పని ఆపేశాను, అక్క పెళ్లికి వెళ్లలేకపోయాను. కొద్దిరోజుల ఆలస్యానికి, చూపించుకోదగ్గ కారణానికి ఇది పనికొస్తుంది. నెలలు గడిచిపోయి ఉంటే ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరకు వెళ్లండి, సొంతంగా ఉత్తరాలు రాస్తూ కూర్చోకండి.

లక్షణం: తాత్కాలిక పత్రం ఇచ్చారు, కానీ పని ఇచ్చేవాళ్లు ఒప్పుకోవట్లేదు, లేదా ప్రయాణం చేయవచ్చో తెలియట్లేదు

ఆ పత్రం పేరు ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్, ఫీజు 13 యూరోలు. 3వ పేజీ తెరవండి. మూడు గడులు ఉంటాయి, ఏ గడిలో టిక్ ఉందన్నదే మొత్తం విషయం. మొదటిది, వీసా అవసరం లేకుండా చట్టబద్ధంగా వచ్చి ఇక్కడ అప్లై చేసినవాళ్లకు. రెండోది ఆలస్యంగా అప్లై చేసినవాళ్లకు, దేశం నుంచి పంపించడం ఆగుతుంది, అంతకుమించి ఏమీ లేదు. మూడోది నేను పైన చెప్పిన నాలుగో భాగం. గడువులోపు అప్లై చేసిన స్టూడెంట్‌కు రావాల్సింది అదే.

మూడో గడిలో టిక్ ఉంటే పని చేయవచ్చు, బయటికి వెళ్లి తిరిగి రావచ్చు. అయితే తిరిగి వచ్చేటప్పుడు గడువు తీరిన ఆ వీసా లేదా పాత కార్డు కూడా దగ్గర ఉండాలి, రెండూ కలిపి చూపిస్తేనే చెల్లుతుంది. పాత కార్డు పారేయకండి. బయటి దేశాల ఎయిర్‌లైన్ కౌంటర్లలో ఈ కాగితం ఎరగని సిబ్బంది ఉంటారు, కాబట్టి వీలైతే నేరుగా జర్మనీలో దిగే విమానం ఎక్కండి. మొదటి రెండు గడుల్లో టిక్ ఉంటే దేశం దాటవద్దు. గడువులోపు అప్లై చేసిన రసీదు ఉండి కూడా తప్పు గడిలో టిక్ పడితే, కౌంటర్ వదలకముందే రసీదు చూపించి మార్పించుకోండి. ఇంటికొచ్చి చూసుకుంటే దానికి మళ్లీ టెర్మిన్ కావాలి.

లక్షణం: కార్డు వచ్చింది, కానీ 8 నెలలకే ఇచ్చారు

చదువుకు మామూలుగా 2 సంవత్సరాలు ఇస్తారు, కోర్సు అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకా. అంతకంటే తగ్గితే ముందు పాస్‌పోర్టు గడువు చూడండి, పర్మిట్‌ను సాధారణంగా పాస్‌పోర్టు తేదీ దాటి ఇవ్వరు. పాస్‌పోర్టు రెన్యూవల్ ముందు, పర్మిట్ తర్వాత. పాస్‌పోర్టు బాగానే ఉంటే డబ్బు ఆధారం చూడండి. నెలకు 992 యూరోలు, సంవత్సరానికి 11,904 చూపాలి, మీరు ఎన్ని నెలలకు చూపించారో అన్ని నెలలకే ఇచ్చి ఉండొచ్చు. జీతం చూపించేవాళ్లు పని రోజుల లెక్క కూడా సరిగ్గా ఉంచుకోవాలి. 2024 మార్చి నుంచి సంవత్సరానికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల దాకా పని చేయవచ్చు. పాత 120 రోజుల లెక్క ఇంకా చెప్పేవాళ్లున్నారు, అది మారింది.

కార్డు వచ్చి పిన్ ఉత్తరం రాకపోతే మళ్లీ పోస్టు డబ్బా చూడండి. ఆ పిన్ ఆన్‌లైన్ గుర్తింపు కోసమే, అది లేకపోయినా కార్డు చెల్లుతుంది.

అరుదైనవి

ప్రయాణ ఇన్సూరెన్స్ చూపించి తిరస్కారం పొందినవాళ్లు స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు. షెంగెన్ టూరిస్ట్ వీసాతో వచ్చి ఇక్కడ స్టూడెంట్ పర్మిట్ అడిగేవాళ్లకు ఆ నాలుగో భాగం రక్షణ ఉండదు, మొదట సరైన వీసాతో రావాలి. ముందుగా అడగకుండా 6 నెలలకు మించి జర్మనీ బయట ఉంటే కార్డు మీద తేదీ మిగిలి ఉన్నా పర్మిట్ రద్దవుతుంది. అంతకాలం వెళ్లాల్సి వస్తే వెళ్లకముందే ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఎక్కువ గడువు తీసుకోండి.