పాత కారు సెల్ఫ్‌కి వెంటనే అందుకోవడం లేదా? ముందు చెవి, తర్వాత మీటరు

"పొద్దున బండి స్టార్ట్ అవడానికి టైం పడుతోంది" అనే మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే అది కరెంటు జబ్బు. సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజన్ నాలుగైదు సెకన్ల దాకా అందుకోకపోతే, చాలావరకు పెట్రోలుదో సెన్సార్‌దో. ఇది తేల్చుకోకుండా ఆటోనగర్ వెళ్తే కొత్త బ్యాటరీ వేయించుకుని వస్తారు. జబ్బు మాత్రం బండిలోనే ఉంటుంది.

సెల్ఫ్ ఈడుస్తుంటే విశాఖలో మొదటి అనుమానం ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ను ఇంజన్‌కీ బాడీకీ కలిపే తీగ) మీద పెట్టుకోండి. బీచ్ రోడ్డు, భీమిలి వైపు రాత్రంతా బయట నిలబడే బండికి ఉప్పుగాలి చేసే పని అది. పైకి తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి ఆకుపచ్చగా మారి ఉంటుంది.

రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీకి మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. ఇప్పుడు ఇంజన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరిని ఐదు సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టమనండి. 9.6 కిందకి పడితే బ్యాటరీ డీలా పడింది, లేదా సెల్ఫ్ మోటారు అతిగా లాగుతోంది. 10.5 పైన నిలబడినా సెల్ఫ్ ఈడుస్తుంటే కరెంటు వెళ్లే దారిలో అడ్డుందేమో చూడాలి.

మీటరు నల్ల కాడ బ్యాటరీ మైనస్ పోస్టుకి (దాన్ని పట్టుకునే వైరు క్లాంపుకి కాదు), ఎర్ర కాడ ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పాడు. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు వరకు 0.5 లోపు ఉండాలి. క్లాంపులు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాకే వాజిలిన్ రాయండి. ముందే రాస్తే లాభం లేదు.

సెల్ఫ్ బాగా తిరిగే బండికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఫ్యూజు తిరిగి పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. వెనక సీటు దగ్గర పంపు గుర్రుమనడం వినిపించాలి. ఇలా మూడుసార్లు చేశాక టక్కున అందుకుంటే, ఆగి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంపులోని వన్‌వే వాల్వు, పెట్రోలు ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్, కారే ఇంజెక్టర్ – ఈ మూడిట్లో ఒకటి. రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు పీకి చూడండి. అందులో పెట్రోలు తడి ఉంటే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే పెట్రోలు ప్రెషర్ గేజి పెట్టించాలి. చాలా పాత బండ్లలో 2.5 నుంచి 3 బార్ ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. పైపు విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి ప్రెషర్ దించాలి. చుట్టుపక్కల బీడీ కూడా వెలగకూడదు.

ప్రెషర్ నిలుస్తున్నా చల్లటి ఇంజన్ మొరాయిస్తే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చూడండి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి రెండున్నర కిలో ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితేనే అందుకునే బండికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు, థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే చోటు) మసి, ఐడిల్ వాల్వు శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.